రెండోసారి తీయని నెత్తురు

కాసిమిరా చోకే పొతోసీ అనే కొండ పట్నంలోని ఒక ఆసుపత్రిలో, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డులో నర్సు. గోరంత మడమ నుంచి చుక్క నెత్తురు తీయాలంటే డాక్టర్లు ఆమెనే పిలిచేవారు. అక్కడి కొండ ఊళ్లలో ఒంట్లోంచి పోయిన నెత్తురు మళ్లీ ఊరదని నమ్ముతారు. కాసిమిరాదీ అలాంటి ఊరే. అది తప్పని నర్సు చదువులో నేర్చుకుంది, పరీక్షలో రాసింది కూడా.

ఆ చలికాలం నియేవెస్ అనే అమ్మాయికి ఏడో నెలలోనే ఆడపిల్ల పుట్టింది. ఒక ఉదయం పాప పాలు తాగడం తగ్గించింది. నెత్తురులో ఇన్ఫెక్షన్ చేరితే సీఆర్‌పీ అనే ప్రోటీన్ పెరుగుతుంది. కాసిమిరా తీసిన చుక్కలో అది మామూలుగానే ఉంది.

"అప్పుడే నమ్మకండి," అన్నాడు డాక్టర్ అరన్సిబియా. "అది పెరగడానికి సగం రోజు పడుతుంది. సాయంత్రం మళ్లీ తీయండి. పెరిగితే మందు మొదలుపెడదాం."

సాయంత్రం సూదితో వెళ్లేసరికి పాప అమ్మమ్మ సతుర్నీనా అడ్డంగా నిలబడింది.

"మళ్లీనా! నల్లి కూడా కడుపు నిండితే వదిలేస్తుంది గదే, నువ్వు వదలవేం?"

"ఒక్క చుక్కే పెద్దమ్మా."

"పొద్దున కూడా ఒక్క చుక్కే అన్నావు. తిరిగొచ్చిందా అది? పిల్ల ఉన్నదే పిడికెడు. నువ్వూ మా వైపు దానివే, నీకు నేను చెప్పాలా?"

పాప మడమ కమిలి ఉంది. అప్పుడే కాస్త పాలు తాగింది, ఒంటి రంగూ బాగానే ఉంది.

"సరేలే, రేపొద్దున చూద్దాం," అని కాసిమిరా సూదికి మూత పెట్టేసింది.

తెల్లారేసరికి పాప బూడిద రంగుకు తిరిగింది. సీఆర్‌పీ ఎన్నో రెట్లు పెరిగింది. మందు ఎక్కించారు. మధ్యాహ్నానికి ఊపిరి ఆగింది.

కాసిమిరా డాక్టరుకు జరిగిందంతా చెప్పింది. ఆయన కేకలేయలేదు. "రాత్రి నేనైనా వచ్చి పరీక్ష సంగతి అడగాల్సింది," అన్నాడు.

సతుర్నీనా వచ్చి కాసిమిరా చేతులు పట్టుకుంది. "మొదటి పొద్దున తీసిన చుక్కే పిల్లను తీసుకుపోయింది. నీ మీద కోపం లేదు తల్లీ. రెండోసారి నువ్వైనా జాలిపడ్డావు."

సాయంత్రం తీసి ఉంటే మందు ముందే పడేదన్న నిజం చెబితే ఆ ముసలామె తన నోటినే తిట్టుకుంటూ బతకాలి. కాసిమిరా చెప్పలేదు. ఆమె ఇచ్చిన ఎండు బంగాళాదుంపలు తీసుకుంది.

ఆ తర్వాత సతుర్నీనా ఊరి ఆడవాళ్లు వార్డు గుమ్మంలోనే కాసిమిరా కావాలని అడిగేవారు. వద్దంటే ఆగే నర్సని సతుర్నీనా అక్కడ చెప్పిందట. కానీ రెండో పరీక్ష వేళకు, వాళ్లు వద్దన్నా ఆమె సూది తీసేది.

"అయితే సతుర్నీనా పెద్దమ్మ అబద్ధం చెప్పిందా?" అని నిలదీసేవారు.

"లేదు, నిజమే చెప్పింది. ఆ రోజు ఆగాను," అనేది కాసిమిరా, వాళ్ల పాప కాలు పట్టుకుంటూ.