మొదటి సూది పట్లాకు

1958లో వానలు వెనకపట్టాక నన్ను ఆదిలాబాద్ జిల్లాలో అడవి అంచున ఉన్న ఒక తాలూకా దవాఖానకు అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. ఒక కాంపౌండరు, ఒక ఆయా, నేను. నా పైన సివిల్ సర్జన్ గారు. అప్పుడప్పుడు తనిఖీకి వచ్చేవారు.

ఆ చలికాలం బడి పంతులు ఒక గోండు స్త్రీని వెంటబెట్టుకొచ్చారు. పేరు భీంబాయి, బడిలో వంటమనిషి. మోకాలి కింద పుండు. రక్తం పరీక్షకు పంపితే సిఫిలిస్ అని వచ్చింది. జనం దాన్ని సవాయి రోగం అంటారు. తనిఖీకి వచ్చిన సివిల్ సర్జన్ గారు ఆ ఫలితం చూసి, వంట మాన్పించమని పంతులుకు చెప్పారు. నడత మంచిది కాదని ఆమె ఎదుటే అన్నారు. నాకు ఒళ్లు మండింది.

భీంబాయి ఏడవలేదు. "నా మొగడు తప్ప నాకు ఇంకో మొగోడు ఎర్కలేదు డాక్టరమ్మా. గీ మాట గూడెం దాకా పోతే నన్ను కులంల ఉంచరు," అంది.

ఆ రక్తపరీక్షకు ఒక లోపం ఉంది. యాస్ అనే చర్మవ్యాధి క్రిమీ, సవాయి క్రిమీ దాయాదులు. పరీక్ష రెండింటికీ ఒకే జవాబు చెబుతుంది. యాస్‌కు నడతతో పనిలేదు. గీరుకుపోయిన చర్మానికి ఇంకొకరి పుండు తగిలితే చాలు. చాలామందికి చిన్నతనంలోనే అంటుకుంటుంది. ఏ జబ్బో తేల్చుకోవడానికి ఆమె గూడేనికే వెళ్లాను.

పిల్లల కాళ్ల మీద, మూతి చుట్టూ పసుపుపచ్చ పక్కు కట్టిన కురుపులు. పెద్దవాళ్ల అరికాళ్లు పగిలి, పాదం అంచుల మీద నడుస్తున్నారు. ఇంకేం అనుమానం, యాసే. నూనెలో కలిపిన పెన్సిలిన్ ఒక్క సూది చాలు. ఆ మందుకు తడి తగలకూడదు కాబట్టి సిరంజి ఉడికించి, పూర్తిగా ఆరబెట్టి భీంబాయిని పిలిచాను.

ఆమె కదల్లేదు. "నేను ఏసుకోను. నా ఒక్కదానికే ఏస్తే గా సారు అన్న మాట ఒప్పుకున్నట్టే అయితది. పుండుతోనే ఉంట."

పట్లా, అంటే గూడెం పెద్ద, నచ్చజెప్పబోయాడు. "జర ఆలోచించు బిడ్డా. పుండు మానాలె గదా."

"అట్లయితే ముందుగాల నువ్వు ఏసుకో కాకా," అంది భీంబాయి.

ఆయన ఒంటి మీద ఒక్క పుండూ లేదు. నవ్వేశాడు. నేను నవ్వలేదు. జబ్బు పైకి కనబడనివారిలోనూ దాగి ఉంటుంది కనుక గూడెమంతటికీ వేయాలన్నదే సరైన వైద్యం. పైవారి హుకుం మాత్రం పుండ్లున్నవారికే అని. హుకుం గంగలో కలవనీ అనుకుని పట్లాను బోర్లా పడుకోమన్నాను.

"నా ఇజ్జత్ ఏం గావాలె డాక్టరమ్మా?" అన్నాడు.

"నీది పోదు పట్లా. ఆమెది నిలబడుతుంది," అన్నాను. గొణుక్కుంటూనే పడుకున్నాడు. ఆయన వెనక అందరూ వరస కట్టారు. భీంబాయి ఎక్కడో మధ్యలో నిలబడి తన వంతు వచ్చినప్పుడు వేయించుకుంది.

మందు దుబారా చేశానని సివిల్ సర్జన్ గారు నన్ను పిలిపించారు. అది యాస్ అని, ఆమెను అన్న మాట వెనక్కి తీసుకోవాలని చెప్పాను. ఉద్యోగం మీద ఆశ లేదా అని అడిగారు. ఉంది కాబట్టే చెబుతున్నానన్నాను. ఆయన మాట వెనక్కి తీసుకోలేదు. నేనే బడికి పోయి పంతులుకు జబ్బు సంగతి వివరించి, భీంబాయి చేత జొన్న గటక వండించి, అందరి ముందు కూర్చుని తిన్నాను. ఆమె వంటింట్లోనే ఉండిపోయింది. పుండు మానింది.

రక్తపరీక్ష క్రిమి సంగతి చెబుతుంది, మనిషి నడత సంగతి చెప్పదు. ఆ తర్వాత ఏ గూడేనికి వెళ్లినా, మొదటి సూది పుండు లేని పెద్దమనిషికే వేశాను.