గ్రూపులో పడ్డ రిపోర్టు

వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం గురించి వ్యాపారులకు చెప్పే పని వాళ్ల సంఘం నాకు అప్పగించినప్పుడు ముందు వెనకాడాను. దుకాణాల పన్నుల పనులు చూసేదాన్ని, పదిమంది ముందు మాట్లాడటం అలవాటు లేదు. మొదటి సమావేశం వనపర్తిలో ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు. గద్వాల, నాగర్‌కర్నూల్ వైపు నుంచి కూడా వచ్చారు.

నిబంధనలు విడతలుగా వస్తాయని, కొన్ని వెంటనే, కొన్ని ఏడాదికి, మనమీద పడే అసలు బాధ్యతలు ఏడాదిన్నరకు అమలవుతాయని చెప్పగానే వెనక నవ్వులు వినిపించాయి.

"ఏడాదిన్నర టైముంది కద మేడం, అప్పుడు సూసుకుంటం తియ్," అన్నాడు ఎరువుల దుకాణం ఆయన. "గిరాకీల ఫోన్ నంబర్ రాసుకున్నా పరేషానేనా?"

నేను జవాబు చెప్పబోతుండగా, గద్వాలలో చీరల దుకాణం నడిపే ఒకామె లేచింది.

"జర నా మాట వినుండ్రి. రొమ్ముల గడ్డ ఉందని ఒక దగ్గర పరీక్ష చేయించుకున్న. క్యాన్సర్ అనుమానమున్న రిపోర్టు నాకు పంపబోయి, గిరాకీలందరున్న వాళ్ల వాట్సాప్ గ్రూపుల పెట్టిండ్రు. నేను సూడకముందే పరామర్శకు మనుషులొచ్చిండ్రు. నా బిడ్డకు నేను చెప్పలే, బయటోళ్లు చెప్పిండ్రు. కాలేజీ నుంచి ఏడ్సుకుంట వచ్చింది. ఆఖరికి క్యాన్సర్ కాదన్నరు. కాని అది ఏడ్సిన ఏడుపు ఎవరు వాపస్ తీసుకుంటరు?"

మధ్య వరుసలోంచి వైద్యపరీక్షల కేంద్రం యజమాని నెమ్మదిగా లేచాడు.

"అక్కా, అది మా సెంటరే. తెల్సినంక గ్రూపుల నుంచి తీసేయించిన, అయిపోయిందనుకున్న. మీ ఇంట్ల గింత అయ్యిందని తెల్వదు. మాఫ్ చెయ్యి."

ఆమె అతని వైపు తిరిగింది. "నీ పేరు బయటపెట్టొద్దనే ఊకున్న తమ్మీ. ఇంకొకరికి గిట్ల కానియ్యకు," అని కూర్చుంది.

ఆ రోజు నేను చెప్పాల్సింది ఇంకేమీ మిగల్లేదు. ఏడాదిన్నర ఆగుదామని మళ్లీ ఎవరూ అనలేదు.

వారం తిరగకముందే ఆ కేంద్రానికి వెళ్లాను. యజమానే దగ్గరుండి గ్రూపును మూయించాడు. సిబ్బంది సొంత ఫోన్లలోని పాత రిపోర్టులన్నీ తీసేయించాడు. "రిపోర్టు నీకే పంపాల్నా, ఇంట్ల ఎవరికన్న పంపాల్నా?" అని ప్రతి ఒక్కరినీ అడగడం మొదలుపెట్టారు. పరీక్షకు వచ్చిన ఒక ముసలామె ఆ ప్రశ్నకు మురిసిపోయి, "నాకే పంపు బిడ్డా, నా ముచ్చట నేనే చెప్పుకుంట," అంది.

తర్వాత నాగర్‌కర్నూల్, కల్వకుర్తి వ్యాపారులు పిలిచారు. ఎక్కడికి వెళ్లినా ధైర్యంగానే మాట్లాడుతున్నాను. ఆ ధైర్యం చీరల దుకాణం ఆమె ఇచ్చిందే. ఆ మాట చెబుదామని గద్వాల వెళ్లాను. దుకాణంలో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చాయ్ తెప్పించింది.

"నాకెందుకమ్మా కృతజ్ఞతలు," అంది. "అందరి ముందట చెప్పినంక నా మనసు తేలికైంది. ఆ తమ్ముడు లేచి నిలబడతడని నేను గూడ అనుకోలే."