మా జహాజ్ సారు

మా సాక్సాఫోన్ సారు పోయిన మంగళవారం పొద్దున చనిపోయారు. ఆ సమయానికి నేను జహీరాబాద్ రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా ఉన్న నా గదిలో, మొగుడంపల్లి నుంచి వచ్చిన ఇద్దరు అన్నదమ్ములకు ఇంటి పంపకాల పత్రం రాస్తున్నాను. సారు కూతురు ఫోన్ చేసి, "అన్నా, డాడీ పోయిండు" అన్నది. ఆ తర్వాత ఏమన్నదో నా చెవికెక్కలేదు. మళ్ళీ పనిలో పడదామని కూర్చుని, తూర్పు హద్దు రాయాల్సిన చోట పడమర రాశాను. పెద్దన్న అది చూశాడు. నా మొహం కూడా చూశాడు. "రైటర్ సాబ్, ఇయ్యాలటికి ఇడ్సిపెట్టు. మేం రేపొస్తం తియ్" అని తమ్ముణ్ణి లేపుకుని వెళ్ళిపోయాడు.

మా ఊళ్ళో దస్తావేజులు రాసేవాణ్ణి రైటర్ అంటారు. కథలు రాసే రైటర్‌నేమో అనుకుని ఎవరూ నా మీద ఆశలు పెట్టుకోకండి. నా పనిలో సొంత మాట ఒక్కటి పడితే కొంప మునుగుతుంది. ముందు పత్రంలో ఏముందో ఇందులోనూ అదే ఉండాలి, కామాతో సహా. అలాంటి మనిషికి నలభై ఐదో ఏట సాక్సాఫోన్ పిచ్చి పట్టడమేమిటని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది.

పట్టించింది ఆయనే. ఆరేళ్ళ కింద న్యాల్‌కల్‌లో మా అన్న బిడ్డ పెళ్ళి. బరాత్ సరిగ్గా ఇంటి ముందుకొచ్చేసరికి జనరేటర్ ఆగిపోయింది. పాట పాడేవాడి మైకు పోయింది, కీబోర్డు మూగబోయింది, డాన్సు చేసే పిల్లలు నడుములు పట్టుకుని నిలబడ్డారు. అప్పుడు బ్యాండు వెనక వరసలోంచి, ఎర్రకోటు వేసుకున్న బక్కపలచని ముసలాయన సాక్సాఫోన్ పట్టుకుని ముందుకొచ్చాడు. ఆగిపోయిన పాటనే అందుకుని అరగంట వాయించాడు. ఒక్కసారి వాయించినట్టు ఇంకోసారి వాయించలేదు. నేను వెనకాలే తిరిగి, అయిపోయాక అడిగాను.

"సార్, ఇదంతా ఎక్కడ రాసుంది?"

"రాసుంటే గింతసేపెందుకు వాయిస్త? ఎప్పుడో ఒడిసిపోతుండె" అని నవ్వారు.

ఆ మర్నాడే రైల్వే స్టేషన్ వెనక గల్లీలో ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. "జహాజ్ సార్ ఇల్లా? గా నీలం తలుపు" అని చూపించారు. వయసులో ఉన్నప్పుడు ఆయన సికింద్రాబాద్‌లో ఒక హోటల్ బ్యాండులో జాజ్ వాయించేవారట. ఆ మాట గల్లీ వాళ్ళ నోట్లో పడి జహాజ్ అయింది. సముద్రం మొహం ఎరగని ఊళ్ళో ఒక మనిషికి ఓడ పేరు స్థిరపడిపోయింది. ఆయన ఎన్నడూ దిద్దలేదు.

"తప్పేమున్నది రైటర్ సాబ్? జహాజ్ అన్నదే నయం. ఒడ్డు ఇడ్సిపెట్టాలె, నీళ్ళల్ల తిరగాలె, మల్ల ఒడ్డుకు రావాలె. నేను వాయించేది గదే గదా" అనేవారు.

మొదటి రెండు నెలలు నాకు పాట అన్నది లేదు. ఒకటే స్వరం, ఒకటే ఊపిరి, ఎంతసేపు నిలబెడితే అంతసేపు. నోట్లో పట్టే సన్నటి రెల్లుబద్ద, అదే రీడు, పెదవికి కోసుకుని అన్నంలో కారం తగిలితే కళ్ళ నీళ్ళు వచ్చేవి. "కొరుకకు. మామిడి టెంక చీకినట్టు జర మెల్లగ పట్టు" అనేవారు. నా భుజాల మీద రెండు చేతులు పెట్టి నిలబడేవారు. ఊపిరి తీసినప్పుడు భుజాలు లేస్తే ఆ చేతులు బరువెక్కేవి. గాలి పొట్టలోకి పోవాలని ఆయన నోటితో చెప్పింది తక్కువ, చేతులతో చెప్పిందే ఎక్కువ. పాఠం అయిపోగానే సాక్సాఫోన్ లోపల తడి పోయేదాకా పాత పంచె ముక్కతో తుడిస్తేగానీ చాయ్ ముట్టేవారు కాదు.

తర్వాత అసలు తిప్పలు మొదలయ్యాయి. గల్లీలో అల్లం అమ్మే ఆమె కేకేస్తూ పోతుంటే, "గామె అన్నది వాయించు" అనేవారు. వాయించేవాణ్ణి. "సై. ఇప్పుడు గామెకు జవాబియ్యి." నేను మళ్ళీ అదే కేక వాయించేవాణ్ణి. ఆయన తల పట్టుకునేవారు.

"అరె, గామె మాట గామెకే ఇస్తున్నవేందయ్యా! జవాబు ఇయ్యమంటె నకలు తీస్తున్నవ్!"

నకలు తియ్యడం తప్ప నాకేం వచ్చు? రాసింది చూసి ఏదైనా వాయిస్తాను. కాగితం తీసేస్తే వేళ్ళు బిగుసుకుపోయేవి. అది ఆయనకు తెలుసు. గుమ్మం దాకా వచ్చి సాగనంపుతూ, "రేపు జర ఎక్కువ తప్పులు తీస్కరా" అనేవారు.

రెండేళ్ళ కింద, సారు వెళ్ళే చర్చిలో పండక్కి కీర్తన మధ్యలో నన్ను ఒక్కణ్ణే వాయించమన్నారు. "కాయిదం లేకుంట. నీకేం తోస్తె గది." ఇప్పుడు చెప్పబోయేది మా ఆవిడకు కూడా తెలియదు. నేను ఇంట్లో కూర్చుని, నాకు అప్పటికప్పుడు తోచబోయేదంతా రెండు వారాల ముందే కాగితం మీద రాసుకున్నాను. ఎక్కడ ఆగాలో, ఎక్కడ కాస్త తడబడాలో అది కూడా రాసుకుని కంఠతా పట్టాను. చర్చిలో కళ్ళు మూసుకుని మరీ వాయించాను. జనం చప్పట్లు కొట్టారు. సారు నా వీపు తట్టి, "బాగున్నది" అన్నారు. ఆ ఒక్క మాటకు పొంగిపోయి, తర్వాత ఎన్నిసార్లు వాయించమన్నా అదే మోసం చేశాను.

పోయిన నెల ఆయనకు ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఆయన పోయే ముందు ఆదివారం దవాఖానలో చూడబోయాను. కూతురు మందులకని బయటికి వెళ్ళింది. ఆయన ముక్కు దగ్గరి గొట్టం కాస్త పక్కకు జరిపి, "రైటర్ సాబ్, చర్చిల వాయించింది రాస్కున్నదే గదా?" అన్నారు.

నాకు భూమిలోకి కుంగిపోయినట్టయింది. "ఎట్లా తెలిసింది సార్?"

"తడబడ్డకాడ సుత కరెక్టుగ తడబడ్డవ్."

"మరి అప్పుడే తిట్టకపోయారా?"

"ఎందుకు తిట్టాలె? మంచిగనే రాసినవ్." కాసేపు ఊపిరి కూడగట్టుకున్నారు. "గని నీదింకా నేనినలే. ఒక్కపారి రాయకుంట వాయించు. ఖరాబ్ వస్తె రానియ్యి, ఫికర్ లేదు. నేనింట."

"మీరు ఇంటికి రండి సార్. తప్పకుండా వాయిస్తా" అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని, కూతురు వచ్చేదాకా వదల్లేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను: ఆ సాయంత్రం ఇంటికొచ్చి, ఆయన ముందు రాయకుండా వాయించాల్సింది రాయడం మొదలుపెట్టాను. సగం కూడా కాలేదు. మూడో రోజు ఫోన్ వచ్చింది.

సమాధుల దొడ్డిలో ఫాదర్ ప్రార్థన ముగించారు. పెట్టెను గుంతలోకి దించారు. మూడు పిడికిళ్ళ మట్టి వెయ్యడానికి అందరూ వంగి మట్టి తీసుకున్నారు. అప్పుడు కూతురు ఆయన సాక్సాఫోన్ తెచ్చి నా చేతుల్లో పెట్టింది.

"అన్నా, జర వాయించవా? దవాఖానల పొద్దుగూకులు నీ ముచ్చటనే చెప్పిండు. రైటర్ సాబ్ నాకొకటి బాకీ ఉన్నడని."

ఏం వాయించాలో నాకు నిజంగా తెలియదు. మొదటి స్వరమే కీచుమంది. ఎవరో తల తిప్పి చూశారు. చూడనీ అనుకున్నాను. ఆయనకు ఇష్టమైన కీర్తన ఎత్తుకున్నాను కానీ రెండో వరసకే అది జారిపోయింది. వేళ్ళు ఎటు పోతే అటు పోనిచ్చాను. ఏడుపొచ్చింది. ఏడుస్తూ ఊదితే స్వరం వణుకుతుందని ఆయన ఎన్నోసార్లు చెప్పారు, వణికింది. ఎన్ని తప్పులు వచ్చాయో ఆ దేవుడికే తెలియాలి. సార్, ఇది నాదే సార్, రాసుకున్నది కాదు, వినండి అనుకుంటూ వాయించాను.

రాసుకున్నదైతే ఎక్కడ ముగుస్తుందో ముందే తెలుస్తుంది. దీనికి ముగింపు ఎక్కడో నాకు తెలియలేదు. ఒకటి మాత్రం తెలుసు. నేను ఆపగానే మట్టి వేస్తారు. అందుకని మళ్ళీ ఊపిరి తీసుకున్నాను. ఇంకోసారి తీసుకున్నాను. ఎండ ఎక్కింది. ఎవరూ కానియ్యమనలేదు. ఫాదరూ, కూతురూ, ఎర్రకోట్ల బ్యాండు వాళ్ళూ, గల్లీ వాళ్ళూ గుంత చుట్టూ పిడికిళ్ళలో మట్టి పట్టుకుని, అలాగే నిలబడి వింటున్నారు.