చిత్రకారుడు నేలను పరిశీలించుచుండగా

మా మామయ్యకి ఉన్నది ఒకటే పిచ్చి. బొమ్మలు వేసే మా పెదనాన్న ఏ పని చేసినా దానికో ఫోటో ఉండాలి, ఫోటో వెనక తేదీ ఉండాలి, తేదీ కింద సాక్షి సంతకం ఉండాలి. ఈ మూడూ లేకపోతే ఆ పని జరగనట్టే. "రికార్డులో లేనిది జరగలేదు" అనేవాడు, నీళ్ల ఆఫీసులో ముప్ఫై ఏళ్లు రికార్డు గుమాస్తాగా చేసిన ఠీవితో. ఊళ్లో సగం పైపులు ఎక్కడున్నాయో ఆ ఆఫీసుకే తెలియదని ఎవరైనా గుర్తుచేస్తే, "అవి నేను చేరకముందు వేసినవి" అనేవాడు.

మామయ్య మా అమ్మ తమ్ముడు. పెదనాన్న వాళ్లిద్దరి అక్క మొగుడు. బావంటే ప్రేమ ఉన్న బావమరుదులు లోకంలో చాలామంది ఉంటారు. బావ తుమ్ములకి విడిగా ఫైలు పెట్టినవాణ్ణి మాత్రం నేను ఒక్కణ్ణే చూశాను. అందులోనూ రెండు భాగాలు: రంగుల వాసనకి వచ్చినవి, మామూలువి.

ఒకసారి పెదనాన్న గోడ మీద పెద్ద బొమ్మ వేస్తూ నిచ్చెన మీంచి జారి దబ్బున పడ్డాడు. మామయ్య ఒక్క పరుగు తీశాడు. బావ దగ్గరికి కాదు, కెమెరా దగ్గరికి.

"కదలకు బావా! అలాగే ఉండు!"

"కదల్లేకే కదరా ఇలా ఉన్నాను!"

"మొహం కొంచెం ఇటు తిప్పు. బాధ కనపడనీకు."

ఆ ఫోటో ఇప్పటికీ ఉంది. వెనక ముత్యాల్లాంటి అక్షరాలతో, "చిత్రకారుడు నేలను పరిశీలించుచుండగా. సాక్షి: నిచ్చెన పట్టుకొనవలసిన వ్యక్తి" అని ఉంటుంది. నిచ్చెన పట్టుకోవాల్సిన మనిషి మామయ్యే. కింద సంతకం కూడా ఆయనదే.

పడవ బొమ్మ సంగతి ఇంకా ఘోరం. పెదనాన్న నెలరోజులు కష్టపడి, తెల్లవారుజామున ఏరు దాటుతున్న పడవ వేశాడు. "ఆఖరి గీత పెట్టేటప్పుడు నన్ను పిలువు" అన్నాడు మామయ్య. పిలిచాడు పాపం. గీత పెట్టాడు. ఫ్లాషు వెలగలేదు.

"ఇంకొక్కసారి పెట్టు బావా."

రెండోసారి పెట్టాడు. పెద్దమ్మ మోచెయ్యి అడ్డం వచ్చింది. మూడోసారి పెదనాన్న కళ్లు మూసుకున్నాడు. నాలుగోసారి మామయ్యే మూసుకున్నాడు. ఐదో ఆఖరి గీత పూర్తయ్యేసరికి పడవ కనపడ్డం మానేసింది. తెల్లవారుజాము అని మొదలెట్టిన బొమ్మకి 'వరద' అని పేరు మార్చాల్సి వచ్చింది. తీరా చూస్తే పెదనాన్నకి బాగా పేరు తెచ్చిన బొమ్మ అదే. ఇక మామయ్యని పట్టుకోవడం ఎవరి వల్లా కాలేదు.

"మా పెళ్లి ఫోటోలు రెండంటే రెండున్నాయి" అనేది మా అత్తయ్య, చేతిలో పని ఆపకుండా. "ఒకదాంట్లో మీ మామయ్య లేడు, అది తీసిందే ఆయన. రెండోదాంట్లో నేను లేను, మీ పెదనాన్న ఉన్నాడు."

ఇలా నలభై ఏళ్లు గడిచాయి. రికార్డులు పదకొండు ట్రంకు పెట్టెలయ్యాయి. అత్తయ్య బట్టలు ఒక సంచిలోకి వచ్చేశాయి.

అప్పుడు పెద్ద ప్రదర్శనశాల వాళ్లు పెదనాన్న నలభై ఏళ్ల పనినంతా ఒకచోట పెడతామని ముందుకొచ్చారు. బొమ్మలతో పాటు ఆయన జీవితం గురించిన ఫోటోలూ కాగితాలూ కావాలన్నారు. వాటిని చూడ్డానికి ఒక పరిశీలకురాలిని మామయ్య ఇంటికి పంపారు. ఆవిడ వస్తూనే చేతులు కడుక్కుని, తెల్ల చేతితొడుగులు వేసుకుని, భూతద్దం తీసింది. మామయ్యకి కళ్లనీళ్లు తిరిగాయి. తన ఫైళ్లు ముట్టుకునే ముందు చేతులు కడుక్కున్న మొదటి మనిషి ఆవిడే.

"ఇది ఏమిటండీ?"

"బావ కుంచెలు కడుగుట."

"ఇది?"

"కడిగిన కుంచెలు ఆరుట."

"ఇందులో ఏమీ లేదే?"

"ఆరిన కుంచెలు తీసిన పిమ్మట ఆ చోటు."

రెండు రోజులు ఆవిడ ఓపిగ్గా తల ఊపింది. నేను పక్కనే కూర్చుని జాబితా రాస్తున్నాను. నవ్వాపుకోలేక రెండుసార్లు వంటింట్లోకి వెళ్లొచ్చాను.

మూడోరోజు ఆవిడ ప్రదర్శనల ఫోటోలన్నీ బల్ల మీద వరసగా పరిచింది. ప్రతి ఫోటోలో హాలు నిండా జనం. భూతద్దం ఒక్కొక్క మొహం దగ్గరా ఆగుతూ వెళ్లింది. వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చింది.

"ఈ గొడుగావిడ ఎవరండీ? పంతొమ్మిది ప్రదర్శనల్లోనూ ఉన్నారు."

"కళాభిమాని" అన్నాడు మామయ్య, నేల చూస్తూ.

"మా అమ్మ" అంది అత్తయ్య వంటింట్లోంచి.

"ఈయన ఒకదాంట్లో టోపీతో ఉన్నారు, ఇంకోదాంట్లో మఫ్లరుతో, ఇందులో నల్లకళ్లద్దాలతో. చెవి మాత్రం అదే."

"ఆయనకి జలుబు ఎక్కువండీ. అన్నీ కప్పుకుంటాడు."

"సందర్శకుల రిజిస్టరులో నలభై రెండు సంతకాలున్నాయి. నలభై రెండు అడ్రసులూ నీళ్ల ఆఫీసువే."

"మా ఆఫీసులో కళాభిరుచి కొంచెం ఎక్కువమ్మా."

ఆవిడ భూతద్దం కింద పెట్టింది. "సరే. మొదటి ప్రదర్శనకి ఆహ్వాన పత్రిక ఉంది. ఫోటో లేదు, రిజిస్టరు లేదు. అదెక్కడ?"

"అది జరగలేదు."

"పత్రిక అచ్చేశారు కదండీ?"

"రికార్డులో లేదంటే జరగలేదనే కదమ్మా!" అంటూ మామయ్య లేచి నిలబడ్డాడు. మళ్లీ కూర్చున్నాడు. పక్కగది తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. ఆ పూట భోజనానికి వచ్చిన పెదనాన్న అందులో కునుకు తీస్తున్నాడు.

"మూడు రోజులు జరిగిందమ్మా. ఒక్క నరపురుగు రాలేదు. హాలు కాపలావాడు కూడా బొమ్మల వైపు వీపు పెట్టి పడుకున్నాడు. బావ ఇంటికొచ్చి కుంచెలన్నీ డబ్బాలో పెట్టి అటకెక్కించేశాడు. బళ్లకి నంబర్లు రాసే పనికి పోతానన్నాడు. నేనేం చెయ్యను? నాకు బొమ్మల గురించి ఏం తెలుసు? ఒక కెమెరా కొని, ఆఫీసులో అందరికీ చెప్పాను. బావ ప్రదర్శనకి వస్తే నిలువెత్తు ఫోటో తీసిస్తానని. ఇస్త్రీ బట్టలేసుకుని మరీ వచ్చారు. వాళ్ల వంతు వచ్చేదాకా నిలబడి ఏం చేస్తారు? బొమ్మలు చూశారు."

"మరి ఈ కుంచెలు, తుమ్ములు, నిచ్చెన..?"

"ప్రదర్శనరోజే కెమెరా పట్టుకుంటే బావకి అనుమానం రాదా? అందుకని రోజూ తీశాను."

ఆ నిచ్చెన ఫోటోకి మొహం ఇటు తిప్పమనడం కూడా అనుమానం రాకుండానేనా అని అడుగుదామనుకున్నాను. మొదట్లో వేషమే అయినా తర్వాత ఆయనకి ఆ పిచ్చి నిజంగానే ముదిరిందని నాకు గట్టి నమ్మకం. ఉత్త వేషానికి ఎవడూ తుమ్ముల్ని రెండు భాగాలు చెయ్యడు.

"ఒక్క సాయం చెయ్యండమ్మా" అన్నాడు మామయ్య. చేతులు జోడించాడు. "ఈ ఒక్క ముక్క రికార్డులోకి ఎక్కించకండి. మీ హాలు గోడ మీద రెండో ప్రదర్శననే మొదటిదని రాయండి. ఈ వయసులో బావకి తెలియకూడదు."

రికార్డులోకి ఎక్కించొద్దనే మాట జన్మలో ఆయన నోట వస్తుందనుకోలేదు. నా చేతిలో పెన్ను ఆగిపోయింది.

"తెలియకపోవడానికి నేనేమన్నా గుడ్డివాణ్ణట్రా?"

గుమ్మంలో పెదనాన్న. చంకలో ఒక పాత అట్టల పుస్తకం.

"రంగులతో బతికేవాణ్ణి. మీ అత్తగారి గొడుగు రంగు గుర్తుపట్టలేననుకున్నావా? ఆ రంగు నలభై ఏళ్లుగా కలపాలని చూస్తున్నా, కుదిరి చావడం లేదు."

మామయ్య బల్ల మీది ఫోటోల్ని రెండు చేతులా కప్పేశాడు. "రెండోదానికే తెలిసిపోయిందా బావా? మరి ఇన్నాళ్లూ అడగలేదేం?"

"అడిగితే జనం రావడం మానేస్తారేమోనని."

పుస్తకం బల్ల మీద పెట్టి తెరిచాడు. పెన్సిలు బొమ్మలు. అన్నిట్లోనూ మామయ్యే. స్టూలెక్కి, ఒక కన్ను మూసి, నాలిక చివర బయటపెట్టి కెమెరాలోకి చూస్తున్న మామయ్య. జనాన్ని జరగమని చెయ్యి ఊపుతున్న మామయ్య. స్టూలు మీంచి పడబోతున్న మామయ్య. పదకొండు పెట్టెల్లో ఎక్కడా లేని మనిషి అక్కడ పంతొమ్మిది సార్లున్నాడు. ప్రతి బొమ్మ కిందా తేదీ, మామయ్య భాషలోనే ఒక వాక్యం: "బావమరిది జనమును పోగుచేయుచుండగా."

అన్నిటికన్నా ముందు ఇంకో బొమ్మ ఉంది. ఖాళీ హాలు, నిద్రపోతున్న కాపలావాడు. మూల ఒక బక్కపల్చటి కుర్రగుమాస్తా, చేతులు వెనక్కి కట్టుకుని. కింద, "మొదటి ప్రదర్శన. హాజరు: ఒకరు."

"వచ్చిన ఆ ఒక్కడూ బొమ్మలు చూడలేదమ్మా" అన్నాడు పెదనాన్న పరిశీలకురాలితో. "మూడు రోజులూ కుర్చీలు సర్దాడు. ఎవరొస్తారని సర్దావురా?"

మామయ్య కళ్లజోడు తీసి తుడిచి పెట్టుకున్నాడు. పుస్తకం దగ్గరికి లాక్కుని ఒక్కొక్క కాగితం మెల్లగా తిప్పాడు. ముందు చూశాడు, వెనక చూశాడు, వెలుతురుకి పట్టి చూశాడు. ఇరవయ్యోది అయ్యాక గొంతు సవరించుకున్నాడు.

"బొమ్మలు బానే ఉన్నాయి బావా. తేదీలూ సరిగ్గా ఉన్నాయి. సాక్షి సంతకమేదీ?"

పరిశీలకురాలు చేతితొడుగులు తీసేసి, నా చేతిలో పెన్ను లాక్కుంది.