గట్టిగా ఆడుకోండి

మొన్న ముక్తేశ్వరంలో మా పెదనాన్నగారి గది తలుపు తీయగానే నీలగిరి తైలం వాసన ముఖానికి కొట్టింది. మా పాపను ఎత్తుకుని గడపలోనే ఆగిపోయాను. నా చిన్నతనంలో ఒక వానాకాలమంతా ఆ ఇంటినిండా ఇదే వాసన.

అంతకు ముందు ఆ ఇల్లంటే మామ్మ, మా నాన్నగారి అమ్మ. చవితికి పనసాకుల్ని ఈనుపుల్లలతో బుట్టల్లా కుట్టి, పిండి పోసి పొట్టిక్కలు ఉడికిస్తుంటే ఆ ఆకుల కమ్మటి ఆవిరి పెరట్లో కొబ్బరిచెట్ల దాకా పాకేది, పిల్లలం మేము తొక్కుడుబిళ్ళ ఆడుతూ కేకలేస్తుంటే "మీకంటే కాకులు నయం కదర్రా" అని వంటింట్లోంచే తిట్టేది. తర్వాత క్యాన్సర్ ఆమె ఎముకల్లోకి దిగింది. అటు తిరిగినా అరుపే, ఇటు తిరిగినా అరుపే. ఎంత తైలం రాసినా అది చర్మం దాటలేదు.

కాకినాడ డాక్టరు మార్ఫిన్ మాత్రలు రాసిచ్చాడు. అవి నల్లమందు నుంచి వచ్చేవని ఎవరో చెప్పగానే పెదనాన్న వాటిని బీరువాలో పెట్టి తాళం వేశారు.

"అలవాటైపోద్దమ్మా. ఊళ్ళో ఏమనుకుంటారు?" అన్నారు మా అమ్మతో.

"అలవాటవడానికి ఆవిడకి ఇంకెన్నాళ్ళున్నాయండి, బావగారూ?"

మంచం మీంచి మామ్మ అందుకుంది. "ఒరే, నాట్లకెళ్ళేటప్పుడు నీ నోట్లో ఆవగింజంత నల్లమందు పెట్టి పడుకోబెట్టేదాన్ని. నీకలవాటైపోయిందేంట్రా? ఇప్పుడు నాకు పెట్టడానికి చెయ్యి రాదేం?"

పెదనాన్న అరుగు మీదికొచ్చి, "గట్టిగా ఆడుకోండర్రా" అన్నారు మాతో. ఆయ్ అన్నాం. పిల్లల్ని అరవమనే పెద్దవాళ్ళు ఇంకే ఇంట్లోనూ ఉండరని సంబరపడ్డాం. మామ్మ అరుపులు రోడ్డు మీద పోయేవాళ్ళకి వినపడకూడదనే అలా అన్నారని తెలిసేసరికి మా గొంతులు బొంగురుపోయాయి. మామ్మ దుప్పటి అంచు కొరుకుతూ పోయింది. మాత్రలు బీరువాలోనే ఉండిపోయాయి.

ఇప్పుడు నేనూ తల్లినే. జ్వరం మందు మూతలో కొలిచి, అనుమానమొచ్చి మళ్ళీ కొలుస్తాను. ఆ రోజుల్లో పసివాళ్ళ నోట్లో నల్లమందు పెట్టేవారంటే ఒళ్ళు జలదరిస్తుంది. పెట్టకూడని బిడ్డకి పెట్టారు, పెట్టాల్సిన తల్లికి పెట్టలేదు. దానికి ఆయన పరువని పేరు పెట్టుకున్నారు. ఆ మాటంటేనే నాకు అసహ్యం.

పెదనాన్నకి ఇప్పుడు వెన్నెముకలో అదే జబ్బు. అదే మాత్ర మంచం పక్కన స్టూలు మీదే ఉంటుంది. డాక్టరు చెప్పిన వేళకి పెద్దమ్మ ఇస్తుంది. వేళ కాకముందే "ఇంకా టైమవలేదా?" అని అడుగుతారట. అలవాటు గురించి ఆ ఇంట్లో ఇప్పుడెవరూ మాట్లాడరు.

పనసచెట్టు కొట్టేశారు. పెరడంతా సిమెంటు చేశారు. పొట్టిక్కలు రాజోలు హోటల్ నుంచి పొట్లంలో వస్తున్నాయి. పాప ఆ సిమెంటు మీద గంతులేస్తూ కేక పెడితే పెద్దమ్మ పరుగున వచ్చింది.

"అరవనివ్వకమ్మా, మీ పెదనాన్నగారు మాత్ర వేసుకుని ఇప్పుడే పడుకున్నారు."

గట్టిగా ఆడుకోమ్మా అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. కానీ పాప నోటికి చెయ్యి అడ్డుపెట్టాను. ఆయన్ని క్షమించి కాదు. ఆ మాత్ర వేసుకుని ఉంటే మామ్మ ముఖం ఎలా ఉండేదో చూడాలనిపించి, పాపతోనే మళ్ళీ గడపలోకి వెళ్ళాను.

ఆయనది అచ్చం మామ్మ పోలిక. నుదుటి మీద ముడి విడిపోయి, నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతున్నారు.