పరధ్యానం తాత బర్మా

వరదనీళ్లు అందరి ఇళ్లలోంచీ దిగిపోయాయి గానీ, పరధ్యానం తాత తలలోంచి మాత్రం ఇంకా దిగలేదని మా వీధిలో చెప్పుకుంటారు. ఆయన వడ్రంగి. వరద తర్వాత ఏ ఇంట్లో పనిచేసినా, ఏదో ఒక పనిముట్టు అక్కడ మరిచిపోకుండా బయటికి రాలేదు. ఆ మరిచిపోవడం ఒక్కటి మాత్రం ఒక్కరోజు కూడా మరిచిపోలేదు.

మా వీధి గొప్పతనం కూడా చెప్పాలి. ఇటు వరసంతా ఒక పార్టీ, అటు వరసంతా ఇంకో పార్టీ. నీళ్లు ఓటర్ల జాబితా చూసుకోకుండా రెండు వరసల్లోనూ కిటికీల ఎత్తుకు లేచాయి. ఈ ముంపు మీ నాయకుడి వల్లేనని మోకాలిలోతు బురదలో నిలబడి వాదించుకున్నారు. పార ఉన్న ఇంట్లో తట్ట లేదు, తట్ట ఉన్న ఇంట్లో పార లేదు. అయినా ఎదుటి వరసను అడగడంకంటే బురదలో కాపురం చెయ్యడమే గౌరవమనుకున్నారు.

అలాంటి వీధికి తలుపులు బిగించే పని ఈయన చేతిలో పడింది. రంపం ఇటు వదిలేసి అటు ఇంటికి పోతాడు. అక్కడ చెక్క కొలిచి, గీత గీసి, జేబులన్నీ తడుముకుంటాడు. ఆపైన మోకాళ్ల నొప్పులని కూర్చుంటాడు. ఇక రంపం తెచ్చుకోవలసింది ఇంటివాళ్లే. మా వరసలోని దర్జీ అలా ఒక్కరోజులో నాలుగుసార్లు వీధి దాటి, ఐదోసారి అక్కడే టీ తాగి వచ్చాడు. పార్టీవాళ్లు నిలదీస్తే, ఉలి వెతికేదాకా నిలబడలేక కూర్చున్నానన్నాడు.

మా ఇంటి వంతు వచ్చేసరికి మళ్లీ మబ్బులు కమ్ముకున్నాయి. గుమ్మానికి గోనెపట్టా తప్ప అడ్డం లేదు. లోపల నానమ్మ దగ్గు ఆగడంలేదు. తాత తలుపును గుమ్మానికి ఆనించి, మడతబందులు పెట్టి చూసి, తాపీగా జేబులు తడుముకున్నాడు.

"చిల్లులు వేసే బర్మా మీ అక్కగారింట్లో మరిచిపోయానమ్మా," అన్నాడు అమ్మతో.

పెద్దమ్మ ఇల్లు సరిగ్గా ఎదురుగానే ఉంది. గోడమీద ఎవరి జెండా కట్టాలన్న గొడవలో అక్కచెల్లెళ్లకు మాటలు పోయి ఏడాదైంది. వరదరోజు ఎదురెదురు డాబాలమీద నిలబడి ఇద్దరూ పడవవాడితో మాట్లాడారు తప్ప, ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు.

నేను తెస్తానని లేచాను. తాత నన్ను తలుపు పట్టుకోమన్నాడు.

"నేను వాళ్ల గడప తొక్కను," అంది అమ్మ.

"గడప కొట్టుకుపోయిందమ్మా. కొత్తది నేనింకా వెయ్యలేదు. తొక్కే పనే లేదు," అన్నాడు తాత.

నానమ్మ మళ్లీ దగ్గింది. అమ్మ వెళ్లింది. రెండు వరసలూ పని మానేసి కిటికీల్లో నిలబడ్డాయి. ఒక బర్మా తేవడానికి ఎంతసేపు కావాలి? చినుకులు మొదలైనా అమ్మ రాలేదు. నా చేతులు లాగేస్తున్నాయి. ఈ ముసలాయన్ని నమ్ముకున్నందుకు మమ్మల్ని మేమే తిట్టుకోవాలనిపించింది.

చివరికి అమ్మ వచ్చింది, కళ్లు ఎర్రబడి. వెనకే బర్మా పట్టుకుని పెద్దమ్మ.

"బతికున్నావా అని అక్కను అడగడానికి కూడా మీ నాయకుడు ఒప్పుకోవాలటే?" అంటూనే పెద్దమ్మ నన్ను పక్కకు తోసి తలుపు పట్టుకుంది.

"నువ్వు మాత్రం అడిగావా అక్కా?" అంది అమ్మ, రెండో కొస పట్టుకుంటూ.

వాన పెద్దదయ్యేలోపు తలుపు నిలబడింది. దాని వెనక ఇద్దరూ ఏడాది బాకీ తిట్లన్నీ తిట్టుకున్నారు. నానమ్మ మాత్రం హాయిగా నిద్రపోయింది.

తాత పోతూ పోతూ బర్మా మా ఇంట్లో మరిచిపోయాడు. మర్నాడు విసుక్కుంటూ ఆయన కొట్టుకు తీసుకెళ్లాను. ఆయన లేడు. బల్లకింద పెట్టె తెరిచి అందులో పడేద్దామనుకున్నాను. చోటు లేదు. రంపం, ఉలి, సుత్తి, నా చేతిలో ఉన్నలాంటిదే ఇంకో బర్మా, అన్నిటికీ నూనె రాసి, గుడ్డలో చుట్టిన రెండో జత ఉంది.