రెబెకా తెచ్చిన ప్లేటు

చనిపోయిన రోజు పొద్దున కూడా ఐజాక్ సారు కిటికీకి తడిగోనె కట్టి, చేతులు కడుక్కుని, గ్రామఫోన్ ప్లేటును అంచులు పట్టి వెలుతురులో వంచి చూశారు. మా కంబదూరు ఎర్రదుమ్ము ఒక్క రేణువైనా దాని గాడిలో పడకూడదు. పాత రికార్డులను మళ్ళీ అచ్చువేసిన కొత్త ప్లేట్లు బెంగళూరు దుకాణం నుంచి తెప్పించేవారాయన. ముల్లు పెట్టి, పాటకు ముందరి నిశ్శబ్దాన్ని విని, ఏ దేశపు అచ్చో చెప్పేవారు. పాటలు వినడానికి చేరిన మేం అట్ట తిప్పి చూస్తే నిజమే! అచ్చు బాగాలేని ప్లేటు మాత్రం ఆయన ఇంట్లో ఒక్కరోజు నిలిచేది కాదు, దుకాణానికి తిరిగి వెళ్ళిపోయేది.

రెండువేల నాలుగులో ఆయన భార్య రెబెకా మొదటిసారి అదే దుకాణంలో తానే ఎంచి ఒకటి కొని తెచ్చింది. "ఏం సారూ, నాదీ ఫెయిలేనా?" అని నవ్వింది గానీ, వేళ్ళు కొంగును నలుపుతూనే ఉన్నాయి. ఆయన కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నారు.

"దీంట్లో తప్పు యాడుండాది మే! ఇంత మంచిది నేనే తేలేదు."

ఆపైన ప్రతి ఆదివారం అదే పెట్టేవారు.

ఆయన పోయిన నెలకు దుకాణదారు నాతో అన్నాడు: "రెబెకమ్మ కొనిన ఆ రకం ప్లేట్లన్నిటికీ నడిమి రంధ్రం పక్కకు పడినాదప్పా, స్వరం ఊగుతాది. కొన్నోళ్ళంతా వాపసిచ్చినారు, సారొక్కడు తప్ప."